కారు వెనుక చప్పుడు: విని, వెతికి, తెలుసుకుందాం

మన నోవైలో మార్చి నెల వచ్చిందంటే రెండు కలిసి వస్తాయి. ఇళ్ళల్లో ఉగాది సందడి, రోడ్ల మీద గుంటలు. చలికాలమంతా కారు అద్దాలు బిగించుకుని, హీటరు పెట్టుకుని తిరుగుతాం కాబట్టి ఏ చప్పుడూ వినిపించదు. కాస్త ఎండ కాసి అద్దాలు దించగానే వెనుక సీటులోని పిల్లలే ముందు అడుగుతారు, "నాన్నా, వెనకాల ఆ టకటక ఏమిటి?" అని.

ఆ ప్రశ్నకి చాలా ఇళ్ళల్లో వచ్చే జవాబు రేడియో శబ్దం పెంచడం! కొందరు దానికి భిన్నంగా వెంటనే షాపుకి వెళ్ళి, అక్కడ ఏది చెబితే అది మార్పించుకుని వస్తారు. రెండు వారాల తరువాత అదే టకటక మళ్ళీ మొదలవుతుంది. ఈ రెండు దారులూ కాక మూడో దారి ఒకటుంది. చప్పుడుని జాగ్రత్తగా విని, ఎప్పుడు వస్తోందో గమనించి, ఏ భాగం మీద అనుమానం పెట్టుకోవాలో తెలుసుకోవడం. దీనికి ఇంజనీరింగు డిగ్రీ అక్కరలేదు. చెవులు, ఒక కాగితం, ఒక శనివారం మధ్యాహ్నం చాలు. మరమ్మతు ఎలాగూ మెకానిక్కే చేస్తాడు. కానీ రోగం గుర్తులు చెప్పవలసింది మనమే కదా!

మన రోడ్లు ఎందుకిలా ఉంటాయి?

ఇక్కడ చలికాలంలో పగలు మంచు కరుగుతుంది, రాత్రి తిరిగి గడ్డకడుతుంది. కరిగిన నీరు రోడ్డు పగుళ్ళలోకి దిగుతుంది. నీరు మంచుగా మారేటప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి తారు పైకి లేస్తుంది, కరిగాక కింద ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ మీద ఒక లారీ వెళ్ళిందంటే గుంట తయారు. ఐ-96, ఐ-275, ఐ-696, ఎం-5 రోడ్లు కలిసేది మన ఊరి అంచునే. ఇంత రద్దీలో గుంటలు పెరగడానికి ఎక్కువ కాలం పట్టదు.

రెండో శత్రువు ఉప్పు. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకి పైగా లోతులో పెద్ద ఉప్పు గని ఉందని పిల్లల్లో చాలామందికి తెలియదు. మంచు మీద ఉప్పు చల్లితే అది 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువ చలిలో కూడా కరుగుతుంది. దానివల్ల మన ప్రాణాలు నిలుస్తున్నాయి, కాదనలేం. కానీ ఆ ఉప్పు నీరు కారు కింది భాగానికి పట్టి ఇనుముని తినేస్తుంది. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు మన పెద్దలు. కారుకీ అదే సూత్రం. చలికాలంలో ఎండ వచ్చిన రోజున కార్ వాష్‌కి వెళ్ళి కింది భాగం కూడా కడిగించండి.

వెనుక చక్రాల దగ్గర ఏముంటుంది?

ఊళ్ళో ఎడ్లబండి చూసిన తాతయ్యలకి ఇరుసు తెలుసు, కందెన తెలుసు. బండికి స్ప్రింగు లేదు కాబట్టి రాయి మీద ఎక్కితే నడుము విరిగేది. లారీలకి వచ్చేసరికి కమాను కట్టలు వచ్చాయి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ కింద ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలు చూసి ఉంటారు, అవే. మన కార్లకి మాత్రం చుట్టలు చుట్టిన కాయిల్ స్ప్రింగులుంటాయి.

స్ప్రింగు గుంట దెబ్బని మింగుతుంది. కానీ దాన్ని వదిలేస్తే ఊయలలాగా పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని ఆపేది షాక్ అబ్జార్బరు. లోపల నూనె ఉంటుంది, సన్నటి రంధ్రాల గుండా ఆ నూనె కదలడం వల్ల ఊపు తగ్గుతుంది. చక్రాన్ని ముందుకీ వెనక్కీ పక్కకీ జరగకుండా పట్టి ఉంచేవి ఆర్ములు. ఆ ఆర్ములు కారుకి తగిలే ప్రతిచోటా ఒక రబ్బరు బుష్ ఉంటుంది. మలుపులో కారు ఒక పక్కకి ఒరగకుండా రెండు పక్కలనీ కలిపే ఇనుప కడ్డీని స్టెబిలైజర్ బార్ అంటారు. దాని చివర్లని చక్రం వైపుకి కలిపే చిన్న పుల్ల వంటి భాగం పేరు ఎండ్ లింక్.

అన్ని కార్లకీ ఇవి ఒకేలా ఉండవు. పాత కరోలాలకీ, 2004 నుంచి 2020 వరకు వచ్చిన సియెన్నాలకీ వెనుక రెండు చక్రాలనీ కలుపుతూ ఒకే దూలం ఉంటుంది, దాన్ని టార్షన్ బీమ్ అంటారు. సీఆర్-వీ, ఒడిస్సీ వంటి వాటిలో ఒక్కో చక్రానికి వేరు వేరుగా ఆర్ములుంటాయి. ఆర్ములు ఎక్కువైతే బుష్‌లూ ఎక్కువ, చప్పుడు రాగల చోట్లూ ఎక్కువే.

ముందు డిక్కీ ఖాళీ చేయండి

ఇది హాస్యానికి చెప్పడం లేదు. వెనుక నుంచి వచ్చే చప్పుళ్ళలో చాలా వాటికి సస్పెన్షన్‌తో సంబంధమే ఉండదు. జాకీ తన గూట్లో వదులుగా ఉండవచ్చు. స్పేర్ టైరు బిగించే మర సడలి ఉండవచ్చు. అద్దాలు కడిగే నీళ్ళ డబ్బా, మంచు దులిపే బ్రష్షు, పటేల్ బ్రదర్స్ నుంచి తెచ్చి దించడం మరచిన బియ్యం బస్తా పక్కన దొర్లే పచ్చడి సీసా, ఇవన్నీ అనుమానితులే. మినీ వ్యానులో మూడో వరస సీటు సరిగ్గా లాక్ కాకపోయినా, ఖాళీ సీటు బెల్టు బకిల్ ప్లాస్టిక్‌కి కొట్టుకున్నా అచ్చం సస్పెన్షన్ చప్పుడులాగే ఉంటుంది. అన్నీ తీసేసి, స్పేర్ టైరు బిగించి, అదే రోడ్డు మీద ఒకసారి తిరిగి రండి. చప్పుడు పోతే సంతోషం, ఖర్చు సున్నా.

ఇటీవల టైర్లు మార్పించి ఉంటే చక్రాల నట్లు సరిగ్గా బిగించి ఉన్నాయో లేదో ముందుగా చూడండి. చక్రం తీసి పెట్టిన తరువాత 50 నుంచి 100 మైళ్ళ లోపల నట్ల బిగువు మరోసారి సరిచూడాలి. వదులైన నట్లు కూడా టకటకమంటాయి. ఆ టకటక ప్రమాదకరం.

చప్పుడుకి పేరు పెడదాం

పిల్లలూ, ఇక్కడ మీ తెలుగు పనికొస్తుంది. శబ్దాన్ని విన్నది విన్నట్టు పలికే మాటలని ధ్వన్యనుకరణ పదాలంటారు. మన భాషలో ఇవి కొల్లలు. ఒక్కో మాట ఒక్కో భాగాన్ని పట్టిస్తుంది.

టకటక: చిన్న చిన్న ఎగుడుదిగుడుల మీద వెంటవెంటనే వచ్చేది. ఎండ్ లింక్ అరిగినప్పుడు, షాక్ పై భాగాన్ని కారు బాడీకి పట్టి ఉంచే మౌంట్ వదులైనప్పుడు వస్తుంది.

ధబ్: పెద్ద గుంటలో పడ్డప్పుడు ఒకసారి మొద్దుగా వచ్చేది. షాకులో పట్టు పోయి స్ప్రింగు చివరిదాకా నొక్కుకుపోతోందన్నమాట. బుష్ బాగా చిరిగినా ఇదే శబ్దం వస్తుంది.

ఠంగ్: ఇనుము మీద ఇనుము పడినట్టు. స్ప్రింగు చుట్ట విరిగిందేమో చూడాలి.

కిర్రు కిర్రు: పాత తలుపులాగా. చలికి గట్టిపడిన రబ్బరు బుష్‌లు ఇలా అరుస్తాయి. ఉదయం చలిలో ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటే వాటిమీదే అనుమానం.

గలగల, లొడలొడ: పలుచని రేకు కొట్టుకున్నట్టు. సాధారణంగా పొగగొట్టం మీది హీట్ షీల్డు, లేదా దాన్ని వేలాడదీసే రబ్బరు.

గుయ్‌మని: వేగం పెరిగేకొద్దీ పెరిగే రొద. ఇది స్ప్రింగులదీ షాకులదీ కాదు. వీల్ బేరింగు గానీ, ఎగుడుదిగుడుగా అరిగిన టైరు గానీ అయి ఉంటుంది.

షాపులో చెప్పేటప్పుడు టకటక, ఠంగ్‌లని క్లంక్ అనీ, కిర్రుని స్క్వీక్ అనీ, గలగలని రాటిల్ అనీ, గుయ్‌ని హమ్ అనీ అంటే మెకానిక్‌కి అర్థమవుతుంది.

ఐదు చిన్న పరీక్షలు

ఈ పరీక్షలన్నీ రద్దీ లేని రోడ్డు మీద నెమ్మదిగా వెళుతూ చేయాలి. పెద్దవారొకరు నడపాలి, ఇంకొకరు వెనుక సీటులో బెల్టు పెట్టుకుని కూర్చుని వినాలి. కుడివైపా ఎడమవైపా, పైనా కిందా అన్నది రాసుకోవాలి. వినడానికని ఎవరినీ, ముఖ్యంగా పిల్లలని, డిక్కీలో కూర్చోబెట్టకూడదు.

ఒకటి: ఒక చక్రం, రెండు చక్రాలు. మొదట రెండు వెనుక చక్రాలూ ఒకేసారి ఎక్కేలా స్పీడ్ హంప్ మీదుగా వెళ్ళండి. తరువాత ఒక పక్క చక్రం మాత్రమే ఎగుడుదిగుడు మీద పడేలా వెళ్ళండి. రెండు చక్రాలూ ఒకేసారి లేచినప్పుడు స్టెబిలైజర్ బార్ మెలిపడదు, ఎండ్ లింకుల మీద బరువు పెద్దగా పడదు. ఒక్క చక్రం లేచినప్పుడే అది మెలిపడి లింకుని లాగుతుంది. కాబట్టి హంప్ మీద మౌనంగా ఉండి, ఒక పక్క గుంటలకి మాత్రం టకటకమంటే ముందు ఎండ్ లింకుని, బార్ బుష్‌లని అనుమానించాలి.

రెండు: బ్రేకు. చిన్న ఎగుడుదిగుడుల మీద చప్పుడు వస్తున్నప్పుడు బ్రేకు పెడల్‌ని చాలా తేలిగ్గా నొక్కి ఉంచండి. చప్పుడు ఆగిపోతే అది బ్రేకు ప్యాడ్లదో క్యాలిపర్‌దో అయి ఉంటుంది. బ్రేకు నొక్కగానే అవి బిగుసుకుంటాయి కాబట్టి మాట్లాడవు.

మూడు: బరువు. మీరొక్కరే ఉన్నప్పుడు లేని ధబ్ శబ్దం, అమ్మమ్మ, తాతయ్య, పిల్లలు అందరూ ఎక్కి గుడికి బయలుదేరినప్పుడు వస్తే షాకులు, స్ప్రింగులు బలహీనపడ్డాయని అనుకోవచ్చు. ఖాళీ కారులో వచ్చి, బరువు ఎక్కితే పోయే చప్పుడైతే వదులైన మౌంటో లింకో కావచ్చు.

నాలుగు: కదలకుండా. కారు నిలిపి, గేరు పార్కులో పెట్టి, ఇంజను కొద్దిగా రెయిజ్ చేయండి. గలగల అక్కడే వినబడితే సస్పెన్షన్ నిర్దోషి, పొగగొట్టం వైపు చూడండి. గరాజు తలుపు వేసి మాత్రం ఈ పరీక్ష చేయకండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకం.

ఐదు: మలుపు. గుయ్‌మనే రొద ఎడమవైపు తిరిగినప్పుడు పెరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతోంది కాబట్టి కుడి బేరింగు మీద అనుమానం. కుడివైపు తిరిగినప్పుడు పెరిగితే ఎడమ బేరింగు. మలుపుతో మారకుండా, టైర్లు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చినప్పుడు చోటు మారితే తప్పు టైరుదే.

ఎలక్ట్రిక్ కార్లు, హైబ్రిడ్లు ఉన్నవారికి ఒక మాట. ఇంజను శబ్దం లేనందువల్ల వాటిలో చిన్న టకటక కూడా పెద్దగా వినిపిస్తుంది. వినగానే కంగారు పడకుండా ఈ పరీక్షలే చేయండి.

కంటితో చూడవలసినవి

సమతలంగా ఉన్న చోట కారు నిలిపి, టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూడండి. తరువాత ప్రతి వెనుక చక్రం మధ్యనుంచి పైన రేకు అంచు వరకు టేపుతో కొలవండి. కుడికీ ఎడమకీ అర అంగుళం కంటే ఎక్కువ తేడా ఉంటే స్ప్రింగు విరిగిందేమో చూపించాలి. స్ప్రింగులు సాధారణంగా అడుగు చుట్ట దగ్గర విరుగుతాయి. ఉప్పు నీరు నిలిచేది అక్కడే.

వెనుక మూల మీద చేతులతో గట్టిగా నొక్కి వదలండి. కారు పైకి లేచి నెమ్మదిగా స్థిరపడాలి. రెండు మూడు సార్లు ఊగుతూ ఉంటే షాకు పోయినట్టే. అయితే ఊగకపోయినంత మాత్రాన షాకు బాగున్నట్టు కాదు, ఈ పరీక్షకి ఉన్న పరిమితి అది. షాకు ఒంటిమీద సన్నటి చెమ్మ ఉంటే ఫరవాలేదు. నూనె కారి దుమ్ము ముద్దలుగా అంటుకుంటే మార్చాలి. షాకులని ఎప్పుడూ జతగా మార్పించండి. ఒక పక్క కొత్తదీ ఒక పక్క పాతదీ అయితే కారు తిన్నగా నిలవదు.

షాకు పై మౌంట్ డిక్కీ లోపలినుంచి అందే కార్లలో ఒకరు బయట కారుని ఊపుతుంటే మరొకరు మౌంట్ మీద చెయ్యి పెట్టి చూడవచ్చు. చెవికి దొరకని దొంగ వేలికి దొరుకుతాడు. కిర్రుమనే బుష్ ఏదో తెలియకపోతే ఒక్కొక్కదాని మీద కొద్దిగా నీళ్ళు చల్లి కారుని ఊపండి. నీరు పడగానే ఏది నోరు మూసుకుంటుందో అదే దోషి. రబ్బరు మీద పెట్రోలియం నూనెలు మాత్రం కొట్టకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

జాకీ గురించి ఒక గట్టి హెచ్చరిక. కారుతో పాటు వచ్చే జాకీ టైరు మార్చడానికే. దాని మీద నిలిపిన కారు కింద తల కాదు కదా, చెయ్యి కూడా పెట్టకండి. జాక్ స్టాండ్లు, చక్రాలకి అడ్డు లేకుండా కారు కిందికి వెళ్ళవద్దు. నొక్కి ఉన్న స్ప్రింగుని ఇంట్లో విప్పే ప్రయత్నం అసలే వద్దు. అది ఎగిరితే ఎముకలు విరుగుతాయి.

తుప్పు చిన్న విషయం కాదు

"చప్పుడే కదా, నడుస్తోంది కదా" అనుకునేవారికోసం మూడు నిజమైన సంగతులు. మూడూ ఉప్పు చల్లే రాష్ట్రాలకి సంబంధించినవే, అందులో మన మిషిగన్ కూడా ఉంది.

2010 ఏప్రిల్‌లో టొయోటా 1998 నుంచి 2010 వరకు తయారైన సుమారు 6 లక్షల సియెన్నా వ్యానులని వెనక్కి పిలిచింది. కింద స్పేర్ టైరుని పట్టి ఉంచే తీగ తుప్పుపట్టి తెగితే టైరు రోడ్డు మీద పడే ప్రమాదముంది. అదే ఏడాది ఆగస్టులో మన పొరుగునే డియర్‌బోర్న్‌లో ఉన్న ఫోర్డ్ కంపెనీ 1998 నుంచి 2003 వరకు వచ్చిన విండ్‌స్టార్ వ్యానులని, అమెరికాలో సుమారు 4 లక్షల 60 వేలని, రికాల్ చేసింది. తుప్పు వల్ల వెనుక ఇరుసు పగిలి విరిగిపోవచ్చన్నది కారణం. 2023లో హోండా 2007 నుంచి 2011 వరకు వచ్చిన సుమారు 5 లక్షల 64 వేల సీఆర్-వీలని పిలిచింది. వెనుక ఫ్రేము తుప్పుపడితే ట్రెయిలింగ్ ఆర్మ్ ఊడి రావచ్చని చెప్పింది. ఆ ఆర్మే చక్రాన్ని పట్టి ఉంచేది.

మీ కారుకి ఇలాంటి రికాల్ పెండింగులో ఉందేమో తెలుసుకోవడం రెండు నిమిషాల పని. డ్రైవరు వైపు అద్దం కింద, రిజిస్ట్రేషన్ కాగితం మీద 17 అక్షరాల విన్ నంబరు ఉంటుంది. ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే తెలిసిపోతుంది. రికాల్ మరమ్మతు డీలరు ఉచితంగా చేస్తాడు. చాలా పాత కారైతే ముందు ఫోను చేసి కనుక్కోండి. కారు చేతులు మారినప్పుడు కంపెనీ ఉత్తరం పాత యజమాని ఇంటికి పోతుంది కాబట్టి, స్నేహితుల దగ్గర పాత కారు కొన్నవారు ఇది తప్పక చూడాలి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. మన ఇళ్ళల్లో పాత కారు ఎవరికి వెళుతుంది? 16 ఏళ్ళు నిండి లెవెల్ 2 లైసెన్సు చేతికొచ్చిన అబ్బాయికో అమ్మాయికో. అంటే ఇంట్లో అన్నిటికంటే తుప్పుపట్టిన కారు, అందరికంటే అనుభవం తక్కువైన డ్రైవరు ఒకచోట చేరుతున్నారు. తాళాలు ఇచ్చే ముందు ఆ కారుని ఒకసారి లిఫ్టు ఎక్కించి కింద చూపించండి. వెనుక భాగం తనంతట తను పక్కకి జరిగినట్టు అనిపించినా, చక్రం ఒరిగినట్టు కనబడినా, ఉన్నట్టుండి పెద్ద ఠంగ్ శబ్దం మొదలైనా అక్కడే ఆపి టో ట్రక్కుని పిలవాలని వాళ్ళకి నేర్పండి. ఇంటిదాకా నెట్టుకొద్దామనుకోవద్దు.

షాపులో ఎలా మాట్లాడాలి?

"షాకులు మార్చండి" అని అడిగితే షాకులే మారుస్తారు, చప్పుడు పోకపోవచ్చు. అందుకని గుర్తులు చెప్పండి: "కుడి వెనుక, గంటకి 20 మైళ్ళ దగ్గర, ఒక చక్రం గుంటలో పడినప్పుడు మాత్రమే, చలిలో ఎక్కువ." వీలైతే మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చప్పుడు వినిపించండి. కారు లిఫ్టు మీద ఉన్నప్పుడు చక్రాలు కిందికి వేలాడతాయి, లింకులు బిగుసుకుని అరుగుదల దాగిపోవచ్చు. చక్రాల మీద బరువుంచి కూడా చూడమని అడగండి. బుష్‌లు మార్చినప్పుడు వాటి బోల్టుల చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద ఉండగానే జరగాలి. వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ఆర్ములు మార్చాక అలైన్‌మెంట్ చేయించడం మరవకండి.

మిషిగన్‌లో 1974 నుంచి మోటార్ వెహికల్ సర్వీస్ అండ్ రిపేర్ యాక్ట్ అనే చట్టముంది. దాని ప్రకారం రిపేరు షాపులు రాష్ట్రం దగ్గర రిజిస్టరు అయి ఉండాలి. పని మొదలుపెట్టకముందే అంచనా ఖర్చు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, తీసేసిన పాత భాగాలని చూపించమనండి. అరిగిన లింకుని చేత్తో కదిపి చూస్తే మీకే తెలిసిపోతుంది ఎందుకు టకటకమందో.

చివరగా పిల్లలకో చిన్న పని. ఈ వారం బడికి వచ్చేటప్పుడు కారులో వినిపించిన చప్పుళ్ళన్నిటికీ తెలుగులో పేర్లు రాయండి. వైపర్ల చప్పుడు, టర్న్ సిగ్నల్ చప్పుడు, వాన చప్పుడు, ఏదైనా సరే. ఎవరు ఎక్కువ రాస్తారో చూద్దాం. వాటి మధ్యలో ఎవరికైనా వెనుకనుంచి కొత్త టకటక ఒకటి దొరికితే, ఆ రోజు మీ తెలుగు మీ ఇంటిల్లిపాదినీ కాపాడినట్టే.

అందరికీ క్షేమమైన ప్రయాణాలు కలగాలని కోరుకుంటూ, సెలవు.